నా వీపు మీది వెలుగు

బాన్సువాడలో నాది మోటారు వైండింగ్ దుకాణం. యాసంగి సాగు మొదలైందంటే కాలిన మోటారు ఆటోలో వేసుకుని రైతు పొద్దున ఏడింటికే షట్టర్ ముందు నిలబడి ఉంటాడు. అందుకే నేనూ నా భార్యా ప్రతి సోమవారం ఎక్కే గుట్టను చీకటితోనే ఎక్కాలి. పదేళ్ల కింద నాకు షుగర్ ఉందని తేలినప్పుడు మొదలుపెట్టిన నడక అది. నా షుగర్ తగ్గలేదు గానీ ఆమెకు గుట్ట అలవాటైంది. పైన బండ మీద కూర్చుని, ఫ్లాస్కులో తెచ్చుకున్న చాయ్ తాగుతూ, తన పుట్టినూరు బీర్కూర్ దిక్కు పొలాల మీద తెల్లవారడం చూస్తుంది. ఆ పది నిమిషాలు నన్ను నోరు విప్పనివ్వదు.

మూడేళ్ల కింద ఆమె దారిలో తడబడడం మొదలుపెట్టింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "చూసి నడువు" అని ఎన్నిసార్లు కసురుకున్నానో లెక్కలేదు. హైదరాబాద్ కంటి దవాఖానలో డాక్టర్ చెప్పాకగాని తెలియలేదు, ఆమె చూసే నడుస్తోందని, కనబడకే తడబడుతోందని. రేచీకటితో మొదలయ్యే జబ్బట. చాలా ఏళ్ల నుంచే ఉండి ఉంటుందట. చూపు అంచుల నుంచి లోపలికి మూసుకుంటూ వస్తుందని, పోనుపోను పగటి చూపు కూడా తగ్గుతుందని, దీనికి మందు లేదని ఆయన నెమ్మదిగా చెప్పాడు. తిరుగు బస్సులో ఆమె ఏడవలేదు. కామారెడ్డి దాటేదాకా కిటికీలోంచి చూస్తూనే కూర్చుంది. ఆ తర్వాత ఒక్క మాట అంది.

"కండ్లు కనవడ్డన్ని రోజులు గుట్ట బంద్ పెట్ట."

నాకు దుఃఖం వస్తే చేతులకు పని కావాలి. ఆన్‌లైన్‌లో ఆమెకు ట్రెక్కింగ్ బ్యాగు, అల్యూమినియం కర్ర తెప్పించాను. గణపతి మండపానికి కొనగా మిగిలిన ఎల్ఈడీ పట్టీ దుకాణంలోనే పడి ఉంది. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ విప్పి మంచి సెల్లులు ఏరాను. బ్యాగు పట్టీలకు రెండు వరసలు, కర్ర పిడి కింద ఒక చుట్టు, బూట్ల ముందు చెరొక ముక్క అతికించాను. వైర్లకు మోటార్లలో వాడే స్లీవు తొడిగాను, తడి తగలకుండా అతుకుల మీద సైకిల్ ట్యూబు చుట్టాను. నాలుగు రోజులు పట్టింది. స్విచ్చి వేస్తే ఇల్లంతా తెల్లగా వెలిగింది. ఆమె అద్దంలో చూసుకుని, నన్నేమన్నా పెండ్లి బరాత్‌కు తోలుకపోతున్నవా అని నవ్వింది. నేను మాత్రం జబ్బును సగం నయం చేసినంత గర్వపడ్డాను.

ఆ సోమవారం మంచు దట్టంగా ఉంది. సగం గుట్ట ఎక్కామో లేదో నా వెనుక కర్ర జారిన చప్పుడు, ఆమె పడిన చప్పుడు వినిపించాయి. మోకాలు చిట్లింది, అరచేయి గీసుకుపోయింది. నేను చేసిన మొదటి పని అరవడం. గిన్ని లైట్లు పెట్టినా కనవడదా అన్నాను. నోరు దాటగానే ఆ మాట ఎంత పాడుదో నాకు తెలిసింది. ఈ రోజుకూ అది నన్ను వదల్లేదు.

ఆమె కోపగించుకోలేదు. రాయి మీద కూర్చుని అరచేతిలో గుచ్చుకున్న ఇసుక గీరుకుంటూ అంది.

"లైట్లన్ని మంచుకు తగిలి నా కండ్లల్లనే కొడుతున్నయ్. నాకెందుకు పెట్టినవ్? నీకు పెట్టుకో."

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది, చిన్నప్పుడు నాట్ల రోజుల్లో తండ్రి వెంట చీకట్లో పొలానికి పోయేదట. మళ్ల నడుమ సన్నటి ఒడ్డు మీద ఒకరి వెనుక ఒకరు నడవాలి. తండ్రి చేతిలో దీపం ఉండేది కాదు. తెల్ల తువ్వాలను వీపు మీదికి పొడుగ్గా జార్చుకునేవాడు. ఆమె ఒడ్డును చూసేది కాదు, ఆ తెలుపును చూసేది. తెలుపు కిందికి దిగితే గుంత ఉన్నట్టు, ఆగితే కాలువ వచ్చినట్టు. ఒక్కనాడూ పడలేదట.

ఇంటికొచ్చి ఆమె సామానుకు పెట్టినవన్నీ పీకేశాను. నా తెల్ల తువ్వాలను ఆమె కత్తిరించి నా బ్యాగు వెనుక కుట్టింది. దాని కింద ఒకటే చిన్న లైటు పట్టీ, మా ఇద్దరి నడుమ నేల కనబడేలా కిందికి వంచి పెట్టాను. నా బూట్ల మడమలకు చెరొక ఎర్ర లైటు చుక్క. కళ్లలో కొట్టకుండా వెలుగు బాగా తగ్గించాను.

తువ్వాల కుట్టిన బ్యాగుతో బయల్దేరిన మొదటి రోజు పది అడుగులకోసారి వెనక్కి తిరిగి చూశాను. పడిన మనిషి కదా, భయం. తిరిగినప్పుడల్లా ఆమె ఆగిపోయేది. అలసిందేమో అనుకున్నాను. మూడోసారి కర్ర నేలకానించి నిలబడి చెప్పింది.

"నువ్వు దిర్గితే లైటు గూడ తిరుగుతది. నాకు మొత్తం చీకటైతది. ఎనుకకు చూడకు, నేనొస్త."

అప్పటి నుంచి నేను తిరగను. చెప్పినంత తేలిక కాదది. మెడ దానంతటదే తిరగబోతుంది, బ్యాగు పట్టీలు రెండు చేతులా గట్టిగా పట్టుకుంటాను. రాళ్ల మీద ఆమె కర్ర చప్పుడే నాకు కబురు. చప్పుడు ఆలస్యమైతే నేనూ ఆగుతాను, ముఖం మాత్రం ముందుకే. ఆమె ఎక్కుతున్నప్పుడు ఎలా ఉంటుందో నేను చూసి రెండేళ్లు దాటింది.

పోయిన సోమవారం కూడా పైకెక్కి బండ మీద కూర్చున్నాం. బీర్కూర్ దిక్కు వరి మళ్లు ఒక్కొక్కటే తేలాయి, సూర్యుడు వచ్చాడు. ఆమె అటే ముఖం పెట్టి చాయ్ తాగుతోంది. కాసేపటికి, తెల్లారిందా అని అడిగింది. తెల్లారిందన్నాను. ఆమె ఫ్లాస్కు మూత బిగించి లేచింది. నేను అలవాటు కొద్దీ బ్యాగు లైటు ఆర్పబోయాను.

"ఉండనీ. దిగనీకె గూడ నాకు గదే కావాలె" అంది.

మంచి ఎండలో, వీపు మీద లైటు వెలుగుతుండగా, వెనుక ఆమె కర్ర చప్పుడు వింటూ గుట్ట దిగాను, రోడ్డెక్కాను. బస్టాండు దగ్గర తెలిసిన రైతొకాయన, పట్టపగలు లైటేంది అన్నా అని వెనుక నుంచి నవ్వుతూ పిలిచాడు. నేను జవాబు చెప్పడానికైనా తిరగలేదు.