మెట్ల మధ్య స్వరం

మదనపల్లెలో హార్మోనియంలు బాగుచేసే పెద్దాయన రెండు మెట్ల మధ్య సందులో వేలు పెట్టి, "ఈడ ఇంకో సొరం ఉండాదప్పా" అనేవాడు. మేం నవ్వేవాళ్లం.

డెబ్బయ్యవ దశకంలో ఒక సాయంత్రం ఆయన మా ఇంటికొచ్చినప్పుడు ఓ విదేశీ ఆధునిక స్వరకర్త రికార్డు పెట్టాను. అందులో స్వరాలన్నీ ఆ సందుల్లోనే పలికాయి. నాకది అపశ్రుతిలా తోచింది. పెద్దాయన మాత్రం కళ్లు తుడుచుకున్నాడు.

"సచ్చిపోయిన నా బిడ్డ పాడితే గొంతు ఈడనే నిలిచేది. మళ్లా ఇప్పుడు ఇంటాండాను."

ఆయన పోయాక ఆయన భార్య ఆయన సొంత హార్మోనియాన్ని నాకిచ్చింది. ఒక మెట్టు శ్రుతి తప్పిందని పుంగనూరులో సరిచేయించాను.

"మా పాప గొంతు కోసం ఆ మెట్టు కింది రీడును ఆయనే ఆకురాయితో అరగదీసినాడప్పా" అని ఆమె చెప్పేనాటికి, హార్మోనియం తప్పు లేకుండా పలుకుతోంది.