ఇనుప గుండూ, గ్లాసెడు నీళ్ళూ

ఊళ్ళో ఏ మూల నిలబడినా ఆ భవనం కనిపిస్తుంది. నూట రెండు అంతస్తులు. దారి అడిగిన కొత్తవాళ్ళకి "దాన్ని ఎడంచేతి వైపు ఉంచుకుని పొండి" అని చెప్పేస్తారు. పెళ్ళి ఫొటోల్లో వెనకాల అదే, పిల్లల నోటుపుస్తకాల అట్టల మీదా అదే. పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. గాలికి పట్టు దొరక్కూడదని మూలలన్నీ గుండ్రంగా తిప్పారు. అయినా గాలి గాలే, ఆ ఎత్తున ఊగని భవనం లేదు. ఆ ఊపును పట్టి ఆపడానికే తొంభై ఎనిమిదో అంతస్తులో ఆరువందల టన్నుల ఇనుప గుండును లావుపాటి తాళ్ళతో వేలాడదీశారు. భవనం కుడికి ఒరిగితే గుండు ఎడమకి లాగుతుంది. గుండు చుట్టూ నూనె నింపిన ఎనిమిది గొట్టాలుంటాయి. బైకుకుండే షాక్ అబ్జార్బర్ల లాంటివే, కాకపోతే ఒక్కొక్కటీ మనిషికి రెండింతలు.

వాటి వాల్వులు చూసుకునే మనిషి పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన గుండు బాబాయి. తలనిండా ఒత్తయిన జుట్టున్న మనిషిని పట్టుకుని ఇదేం పిలుపని కొత్తగా చేరినవాళ్ళు తెల్లమొహం వేస్తారు.

అంత భవనాన్ని కుదురుగా నిలబెట్టే మనిషికి పలకరించే దిక్కు లేదు. చూడవచ్చే జనం తొంభై ఐదో అంతస్తు దగ్గరే ఆగిపోతారు. ఇంటికి పోతే ఒంటిగది. భార్య పోయి నాలుగేళ్ళు. ఆవిడతో పాటు "ఏమండీ" అన్న పిలుపు కూడా ఆ గదిలోంచి వెళ్ళిపోయింది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆ పిలుపుకి "అబ్బబ్బ, ఏంటే" అని విసుక్కునేవాడు. ఉన్నప్పుడే విలువ తెలిసి ఏడిస్తే ఇంకేం!

గాలి బాగా వీస్తున్న ఒక మధ్యాహ్నం గుండు గదిలో ఇంటర్‌కమ్ మోగింది.

"ఏమండీ, ఈ ఊపు సంగతి చూసేది మీరేనా? ఎనభై నాలుగో అంతస్తు నుంచి మాట్లాడుతున్నాను. గ్లాసులో నీళ్ళు కదులుతున్నాయండీ."

పెద్దావిడ గొంతు. ఆ మొదటి మాట ఆయన చెవిన పడి నాలుగేళ్ళయింది.

"భయం లేదమ్మా. ఇంత పొడుగు కట్టాక కాస్త ఊగాలి. బిగుసుకుంటే విరుగుతుంది."

"మా ఆయన కూడా తాగొచ్చిన రోజున ఇదే చెప్పేవాడు."

ఆయన పకపకా నవ్వాడు. తన నవ్వు తనకే కొత్తగా వినిపించింది.

అప్పట్నుంచి గాలి వీచిన ప్రతి రోజూ ఫోను వచ్చేది. ఆవిడ భూగోళం పాఠాలు చెప్పి రిటైరైన టీచరు. భర్త లేడు. కిటికీ పక్కన గ్లాసు పెట్టి, నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయో పెన్నుతో గీత గీసుకుంది. మాట నీళ్ళ దగ్గర మొదలై మోకాళ్ళ నొప్పుల మీదుగా ఎటెటో పోయేది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు ఎరగరు. రెండేళ్ళు అలా గడిచాయి.

ఆ తర్వాతి ఎండాకాలం గాలి పడిపోయింది. పదకొండు రోజులు ఫోను లేదు. చెడిపోయిందేమోనని ఆయన రిసీవరెత్తి చూశాడు, బాగానే ఉంది. పన్నెండో రోజున రెండు వాల్వులు పావు చుట్టు వదులు చేశాడు. ప్రమాదమేమీ లేదు. ఆ పాటి తేడా ఎవరికీ తెలియదు, ఒక్క గ్లాసుకి తప్ప. మధ్యాహ్నం చిరుగాలికే ఫోను మోగింది. "ఏమండీ..."

సాయంత్రం మళ్ళీ బిగించాడు. కంచే చేను మేసిందని తెలుసు. సిగ్గుపడ్డాడు కూడా. పై వారం మళ్ళీ వదులు చేశాడు, ఆ పై వారమూ అంతే.

నెల తిరక్కుండానే ఆవిడ చెప్పింది. "ఏమండీ, ఇల్లు ఖాళీ చేస్తున్నానండీ. బండి కింద నిలబడి ఉంది. పెద్దగా గాలి లేకపోయినా నీళ్ళు కదులుతున్నాయి, నిద్ర పట్టట్లేదు. మా చెల్లెలి ఊళ్ళో కింది వాటా దొరికింది. ఈ భవనానికేదో అయిందండీ. మీరు పైన ఉంటారు, జాగ్రత్త."

జాగ్రత్త అన్న మాట దగ్గర ఆయన తట్టుకోలేకపోయాడు. ఉద్యోగం పోతే పోయిందనుకున్నాడు.

"భవనానికేం కాలేదమ్మా. నేనే వాల్వులు వదులు చేశాను."

"ఎందుకండీ?"

"నీళ్ళు కదిలితేనే కదా మీరు ఫోను చేస్తారు."

అవతల అట్టపెట్టెలకి టేపు లాగుతున్న చప్పుడు.

"ఏమండీ," అంది చివరికి, "ఫోను మీరైనా చేయొచ్చు కదా? నేను వద్దంటానా?"

నిజంగానే ఆయనకి ఆ ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు. "సామాను వాళ్ళు పిలుస్తున్నారు, ఉంటానండీ" అని ఆవిడ పెట్టేసింది. లిఫ్టెక్కితే బండి దగ్గర అందుకోవచ్చు. ముఖం చెల్లలేదు. రెండు వాల్వులూ గట్టిగా బిగించి గుండు పక్కనే కూర్చుండిపోయాడు.

మర్నాడు గాలి విపరీతంగా వీచింది. గుండు తన పని తాను చక్కగా చేసింది, ఏ అంతస్తులోనూ గ్లాసులోంచి చుక్క నీరు ఒలకలేదు. ఆయన ఇంటర్‌కమ్ ఎత్తి మొట్టమొదటిసారి ఎనభై నాలుగు నొక్కాడు. ఖాళీ ఇంట్లో అది మోగుతూనే ఉంది.