ఇరవై రెండో గెలుపు ముందు ఆగిన బండి

పద్మ పనిచేసే కార్ల పార్టుల కంపెనీ పధ్నాలుగేళ్ల తర్వాత ఆమె డిపార్ట్‌మెంట్ మూసేసింది. అమెరికాలో వాళ్లుండే ఫార్మింగ్టన్ హిల్స్‌లో తెలిసినవాళ్లంతా డేటా కోర్సేదో చేయమన్నారు. ఆమె వెళ్లి దగ్గర్లోని కాలేజీ ఐస్ హాకీ రింక్‌లో బండి నడిపే ఉద్యోగంలో చేరింది. ఆట విరామంలో, గీతలు పడ్డ ఐస్‌ని గీకి, వేడినీళ్లు పరిచి అద్దంలా చేసే బండి అది. "ఏనుగెక్కినట్టుంటుంది తెలుసా!" అని ఇంట్లో మురిసిపోయేది.

ఆ చలికాలం అమ్మాయిల టీమ్ గెలవడం మొదలుపెట్టి, ఇక ఆపలేదు. పది, పదిహేను, ఇరవై! గోల్ కాసేది దియ, పద్మ వాళ్ల వీధిలో పిల్లే. ఇరవై ఒకటో గెలుపుతో కాలేజీ పాత రికార్డు అందుకున్నారు. ఇంకొక్కటి గెలిస్తే కొత్త రికార్డు. ఓడినా, డ్రా అయినా వరస తెగినట్టే. ఆ వారమంతా పద్మకి అన్నం సహించలేదు.

శనివారం మధ్యాహ్నం రింక్ కిక్కిరిసిపోయింది. మూడు భాగాల ఆటలో రెండు అయ్యేసరికి చెరో రెండు గోల్స్. పద్మ బండి తీసి సగం ఐస్ తిరిగిందో లేదో, సరిగ్గా నడిమధ్యలో అది గుర్రుమని ఆగిపోయింది.

జనమంతా "ఓ..." అన్నారు. పద్మకి చెవులు వేడెక్కిపోయాయి.

దియ తలుపు దగ్గర్నుంచి అరిచింది. "ఆంటీ! మేము పుష్ చేయాలా?"

"టన్నుల బరువే తల్లీ! నీ కాలు విరిగితే గోల్ ఎవరాపుతారు? రెండు నిమిషాలాగు!"

పధ్నాలుగేళ్లు వైర్లు చెక్ చేసిన చెయ్యి కదా. మూత తెరిచి, బండి మీదే బోర్లా పడుకుని తడిమింది. బ్యాటరీ కేబుల్ వదులైంది. రెంచ్‌తో నాలుగు తిప్పులు తిప్పగానే బండి కదిలింది. "పడ్‌మా! పడ్‌మా!" అని రింకంతా ఊగిపోయింది. పద్మ ఊరేగింపులో పెళ్లికూతురిలా చెయ్యూపుతూ మిగతా ఐస్ పూర్తిచేసింది.

మూడో భాగంలో గోల్ పడలేదు. అదనపు సమయంలో ఇంకా నలభై సెకన్లున్నాయనగా మనవాళ్ల గోల్ పడింది! పిల్లలు పద్మని ఐస్ మీదికి లాక్కెళ్లారు. బండెక్కి తప్ప ఎప్పుడూ ఐస్ మీదికి రాని మనిషి, రెండడుగులకే దబ్బున పడి, గోల్ దాకా జారిపోయింది. లేపడానికొచ్చిన ముగ్గురూ ఆమె మీదే పడ్డారు. నవ్వి నవ్వి ఎవరికీ లేవడం చేతకాలేదు.

ఇంకో రెండు ఆటలు గెలిచాక, వరస ఇరవై నాలుగు దగ్గర తెగింది. దియ బెంచీ మీద కూర్చుని ఏడుస్తుంటే, పద్మ పక్కన చేరి పులిహోర డబ్బా తెరిచింది.

"ఏడుస్తూ తిను, పర్లేదు."

రెండో స్పూన్‌కి దియ నవ్వేసింది. మూడో స్పూన్‌కి టీమంతా స్పూన్లు పట్టుకుని వచ్చేసింది.