చదునుగా వచ్చిన గీత

నా స్నేహితురాలిది సంగారెడ్డి, బట్టల దుకాణం నడిపే ఇల్లు. మా నాన్న ఫ్యాక్టరీ ఉద్యోగానికని గుంటూరు వైపు నుంచి వచ్చి పటాన్‌చెరులో స్థిరపడ్డాడు. ఇద్దరం ఒకే పరిశోధన సంస్థలో చేరాం. ఎక్కడో దూరపు నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహం మీద గాలి ఎలా ఉండాలో కంప్యూటర్‌లో లెక్కగట్టి నమూనా తయారుచేయడం నా పని. ఆ గ్రహం నక్షత్రానికి అడ్డం వచ్చినప్పుడు టెలిస్కోపుకు చిక్కిన వెలుగులో నిజంగా ఏముందో చూడడం ఆమె పని.

నా నమూనా ప్రకారం ఆ గాలిలో నీటి ఆవిరి ఉండాలి. ఉంటే ఆ వెలుగును కొలిచి వేసిన గ్రాఫులో గీత ఒకచోట పైకి లేవాలి. నా కుర్చీ పక్కకు కుర్చీ లాక్కుని కూర్చుని ఆమె చూపించిన గీత మాత్రం చదునుగా ఉంది. నమూనాయే తప్పేమోనని నేను దిగులుపడ్డాను. ఆమె ఒప్పుకోలేదు. ఒక చలికాలం పొద్దున నన్ను స్కూటీ మీద ముత్తంగి వంతెన దాకా తీసుకెళ్లింది. పొగా మంచూ కలిసి ఫ్యాక్టరీల వైపంతా తెల్లగా ఉంది.

"చిమ్నీలు గాయబ్ అయినయా? ఆడనే ఉన్నయి. మనకు కనిపిస్తలేవు, గంతే. నీ లెక్కల జెర పొగ గూడ కలిపి సూడు," అంది.

గ్రహం గాలికి పొగలాంటి పొర ఒకటి కలిపాను. నా గీత కూడా చదునైంది. కానీ అసలు నీళ్లే లేకపోయినా అలాగే వస్తుంది. ఏది నిజమో తేలాలంటే పొగలోంచి దూసుకొచ్చే పరారుణ కాంతిలో మళ్లీ చూడాలి. కలిసి అర్జీ పెట్టుకుంటే అంతరిక్ష టెలిస్కోపులో సమయం దొరికింది. ఆ వారమే, ఎంతకీ తగ్గని ఆమె జ్వరానికి కారణం రక్త క్యాన్సర్ అని తేలింది.

ఆసుపత్రికి వెళ్లినప్పుడల్లా డేటా వచ్చిందా అని అడిగేది. ఇంకా లేదనేదాన్ని. జల్దీ రమ్మను అని నవ్వేది. వానలు మొదలయ్యాక పోయింది.

డేటా ఆ తర్వాత వచ్చింది. ఆమె చెప్పినట్టే నీటి గుర్తు స్పష్టంగా లేచింది. టెలిస్కోపు కొలతల చుక్కలన్నీ నా నమూనా గీత మీదే వరసగా కూర్చున్నాయి. ఇన్నేళ్లుగా ఎదురుచూసింది ఇందుకే, అయినా సంతోషం రాలేదు. ఫోన్‌లో ఆమె నంబరు దాకా వెళ్లి ఆగిపోయాను.

సాయంత్రం సంగారెడ్డి వెళ్లి, ఆమెలాగే నేనూ అమ్మీ అని పిలిచే వాళ్లమ్మకు ఫోన్‌లో ఆ గ్రాఫు బొమ్మ చూపించాను. మీ అమ్మాయి అన్నదే నిజమైంది అమ్మీ, అక్కడ నీటి ఆవిరి ఉంది అన్నాను. అమ్మీ నా ఫోన్‌ను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"గా నీళ్లతోని నేనేం జేసుకోను బేటీ? నా బిడ్డ సూడకపాయె," అంది.

చీకటిపడేదాకా ఆమె పక్కనే కూర్చున్నాను.

మా పరిశోధన వ్యాసం అచ్చయింది. మొదటి పేరు ఆమెదే, పక్కన చిన్న గుర్తు, కింద దివంగత అని ఒక్క మాట. ఇప్పుడు వేరే గ్రహాల గీతలు వేరేవాళ్లు తెస్తున్నారు. మర్యాదగా మెయిల్‌లో పంపుతారు. నా కుర్చీ పక్కకు కుర్చీ లాక్కుని ఎవరూ కూర్చోరు.