గాలి బాట చూసే వేలు

మంచిర్యాలలో పాత బండ్లు నడిపేవాళ్ల ముందు పర్శరాములు పేరు ఎత్తితే, "ఎవలు? హెడ్డు గీకే పర్శరాములా?" అంటారు. హెడ్డు అంటే ఇంజన్ నెత్తిన కూర్చునే ఇనుప దిమ్మె. దాని లోపల గాలి వచ్చే దారులు, పొగ పోయే దారులు ఉంటాయి. పోత పోసినప్పుడు ఆ దారుల్లో గరుకు, అంచులు, అక్కడక్కడా బొడిపెలు మిగిలిపోతాయి. గాలి వాటికి కొట్టుకుని తడబడుతుంది. పర్శరాములు చిన్న గ్రైండర్ రాయితో, ఎమెరీ కాగితంతో వాటిని గీకి నున్నగా చేస్తాడు, వంపు తిరిగినచోట దారిని కాస్త విశాలం చేస్తాడు. "మనిషి గుట్ట ఎక్కాల్నంటే దమ్ము గావాలె గద? ఇంజన్‌కూ గంతే. ముక్కు దిబ్బడ తీసినమనుకో, అదే ఉరుకుతది" అని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతుంటాడు.

ఇప్పుడు అడిగేవాళ్లు తక్కువైపోయారు. కుర్రాళ్లు వస్తారు గానీ వాళ్లకు కావలసింది సైలెన్సర్ మోత. బండి ఉరకకపోయినా సరే, వాడకట్టంతా ఉలిక్కిపడాలి. అలాంటివాళ్లను పర్శరాములు పక్క షెడ్డుకు పంపించి, వాళ్లు మలుపు తిరిగేదాకా గొణుక్కుంటాడు.

పోయిన ఎండాకాలం ఒక పొద్దున అతని రేకుల షెడ్డు ముందు రాయమల్లు జీపు వచ్చి ఆగింది. ఆగింది అనడం మర్యాదకే, నిజానికి దమ్ము ఆడక చతికిలబడింది. రాయమల్లుది ఆసిఫాబాదు. ఒకప్పుడు కెరమెరి ఘాటు రోడ్డు మీదుగా మనుషులను తోలేవాడు. ఇప్పుడు అదే జీపులో గుట్ట మీది వారపు అంగళ్లకు ఉల్లిగడ్డ బస్తాలను, వాటిని అమ్ముకునేవాళ్లను ఎక్కించుకుపోతాడు. పర్శరాములును బావా అంటాడు, అతని భార్య వినోదను అక్కా అంటాడు. వాళ్లది ఒక కులమూ కాదు, చుట్టరికమూ లేదు. ఏళ్ల తరబడి తాగిన చాయ్ కలిపిన వరస అది.

"పాత హెడ్డు పగిలింది బావా" అన్నాడు రాయమల్లు, దిగీ దిగకముందే. "ఎన్ని దిక్కుల తిరిగిన్నో! ఆఖరికి భైంసాల తుక్కు దుకాణంల గిదొక్కటి దొరికింది. కని ఘాటు ఎక్కుతలేదు. రెండో మలుపు కాడ్నే ఆగుతాంది. బస్తాలు దించి అందరు నూకాలె. నూకి నూకి వాళ్లకు యాష్టకొచ్చింది. వచ్చే అంగడికి ట్రాలీ ఆటో మాట్లాడుకుంటమంటున్నరు."

"ఒక్క అంగడికి పోతే పోనియ్యరాదు."

"పోయినోళ్లు మల్లొస్తరా బావా? జీపును తూకానికి అమ్ముకునుడే ఇగ." గొంతు తగ్గించాడు. "గీ హెడ్డు ఖరాబైతే ఇంకోటి దొరకది. సోంచాయించి, పైలంగ ముట్టు. అక్క ఇంట్లనే ఉన్నదా?"

ఆ చివరి మాట ఎందుకు అడిగాడో పర్శరాములుకు తెలుసు.

పెళ్లికాకముందు పర్శరాములు పనితనం అంతంతమాత్రమే. హెడ్డు దారుల్లో వంపు దాకానే చూపు ఆనుతుంది, అవతలిది వేలికే తెలియాలి. అతనివేమో స్పానర్లు పట్టి, వేడి ఇనుము తాకి కాయలు కాసిన వేళ్లు. ఎక్కడ బొడిపె ఉందో, ఎక్కడ గుంట పడిందో వాటికి అందేది కాదు. ఒకసారి ఇంకా గరుకే ఉందనుకుని గీకుతూ పోతే, పలచబడిన గోడ చిల్లుపడి అవతల నీళ్లు తిరిగే చోటు బయటపడింది. ఆ హెడ్డు ఇక దేనికీ పనికిరాలేదు. బండి యజమాని తిట్టిన తిట్లలో కొన్ని అతను అంతవరకు విననివి.

వినోద లక్సెట్టిపేట పిల్ల. బీడీలు చేసే ఇంట్లో పుట్టింది. కాపురానికి వస్తూ చాట, కత్తెర వెంట తెచ్చుకుంది. షెడ్డు వెనకే ఇల్లు కాబట్టి, మధ్యాహ్నాలు గడప దగ్గర కూర్చుని, చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరించి బీడీలు చుట్టేది. ఒకరోజు పర్శరాములు హెడ్డులో వేలు పెట్టడం, మొహం చిట్లించడం, తీసి మళ్లీ పెట్టడం చూసి చూసి ఆమెకు విసుగొచ్చింది.

"జరుగు, నేన్ జూస్త" అని లేచి వచ్చింది.

"ఇది బీడీ కాదే."

"బీడీ అని నేనన్ననా?" చూపుడు వేలు లోపలికి పోనిచ్చి, కళ్లు మూసుకుని మెల్లగా తిప్పింది. "గీడ గీర ఉన్నది. ఆకు ఈనె తీరు తగులుతాంది. గిటు దిక్కు గుంట పడ్డది, ఇగ గీడ ముట్టకు."

పర్శరాములు నవ్వాడు. నవ్వుతూనే హెడ్డును బల్బు కిందికి జరిపి, చిన్న అద్దం పెట్టి చూశాడు. రెండూ వంపుకు ఇవతలే ఉండబట్టి కనిపించాయి. గీర ఉంది, గుంటా ఉంది. నవ్వు ఆగిపోయింది. ఆకులో ఈనె ఎక్కడుందో వేలితోనే పసిగట్టకపోతే చుట్టేటప్పుడు బీడీ చిట్లిపోతుంది. చిన్ననాటి నుంచి ఆమె వేళ్లకు అదే చదువు. చేతిలో వెన్న పెట్టుకుని నెయ్యి కోసం ఊరంతా తిరిగిన పెద్దమనిషి తానేనని అతనికి ఆ రోజు తెలిసింది.

అప్పటి నుంచి అది ఆ షెడ్డు ఆచారమైంది. వినోద వేలు పెట్టి "చాలు" అనేదాకా ఏ హెడ్డూ గడప దాటేది కాదు. డ్రైవర్లు ఊరుకుంటారా? "అక్కా, నీ తంబాకు వేలు పెట్టి మా ఇంజన్‌కు బీడీ అలవాటు జేసినవు, పొగ ఇడుస్తాంది" అని ఆటపట్టించేవాళ్లు. "మంచిదే, మీ ఇంజనన్న నా బీడీలు కొంటది" అనేది ఆమె.

ఎన్ని జీపులు ఉండేవి అప్పుడు! అంగడి ముందురోజు షెడ్డు ముందు వరుసగా నిలబడేవి. గుట్టల మీది నుంచి వచ్చినవాళ్లు వినోదకు సీతాఫలాలు, మక్కకంకులు తెచ్చి చాట పక్కన పెట్టేవాళ్లు. ఒకసారి రాయమల్లు పట్టుబట్టి ఇద్దరినీ ఘాటు ఎక్కించాడు. వినోద ముందు సీట్లో కూర్చుని, ప్రతి మలుపులోనూ ఇంజన్ చప్పుడే చెవి ఒగ్గి వింది. పైకి చేరాక మాత్రం చిన్నపిల్లలా నవ్వి, "గా గాలి పోయే బాటల నా వేలు తిరిగింది" అంది. ఆ మాటను పర్శరాములు ఇప్పటికీ తలుచుకుంటాడు. ఆ జీపులన్నీ ఏ తుక్కులో కలిసిపోయాయో. ఆ రోజులు మళ్లీ రావని తెలిసినా, పొద్దున్నే షట్టర్ ఎత్తుతూ రోడ్డు మీదికి ఒకసారి చూడటం అతను మానలేదు.

రాయమల్లు జీపు హెడ్డును పర్శరాములు విప్పి, కడిగి, గీకి, మరునాటి పొద్దుటికి పని ఒక కొసకు తెచ్చాడు. రాయమల్లు చాయ్ తాగడానికి పోయాడు. పర్శరాములు ఎప్పటిలాగే ఇంట్లోకి కేకేశాడు. వినోద చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, వేలు లోపలికి పోనిచ్చి, తిప్పి తీసింది.

"చాలు" అంది.

మరీ తొందరగా అన్నట్టు అనిపించింది అతనికి. "మల్లొక్కసారి జూడు."

"చాలని అన్న గదా."

అప్పుడు చూశాడు ఆమె వేలును. లోపలి అంచు ఎక్కడో గీరుకుని నెత్తురు కారుతోంది. బొట్టు హెడ్డు మీద పడింది. ఆమెకు ఆ ధ్యాసే లేదు.

"నొస్తలేదా?"

వినోద తన వేలును పరాయివాళ్లదన్నట్టు చూసి, కొంగులో చుట్టుకుంది.

"షుగర్ గద. రెండేండ్ల సంది వేళ్లు మొద్దుబారినయి. ఆకు మంచిది వస్తలేదని బీడీలు బంద్ జేసిన అన్న జూడు, గది అబద్ధం. చుడుతాంటె తెలుస్తలేదు."

"మరి పోయినేడు హెడ్లకు చాలంటివి?"

"నీ మొఖం జూసి చెప్పిన. పని మనసున పడ్డదనుకో, నువ్వు కింది పెదవి కొరుక్కుంటవు. గది జూసి చాలంటి."

పర్శరాములుకు ముందు కోపం వచ్చింది. "ఖరాబైతే? ఒకడు తన బతుకు మన చేతుల పెట్టి పోయిండే!"

"కాలే గద."

"కాలేదు సరే. నాకెందుకు జెప్పలే?"

"చెప్తే నువ్వు నన్ను పిలుస్తవా మల్ల?" అంది వినోద. "వినోదా, జర వచ్చి జూడు అని నువ్వు కేకేసుడు నాకిష్టం. గది పోతదని జెప్పలే."

కోపం ఎటు పోయిందో పోయింది. ఇన్నేళ్లలో ఆ కేక తనకు ఎంత ఇష్టమో అతను కూడా ఎన్నడూ చెప్పలేదు. తన వేలు హెడ్డులో పెట్టి తిప్పాడు. ఎప్పటిలాగే ఏమీ అందలేదు. హెడ్డు పక్కన అలాగే కూలబడ్డాడు.

"గట్ల కూసుంటే ఎట్ల? రాయమల్లు వస్తడు" అంది ఆమె. "చలికాలం వేలి తోలు మందమైతే మా అవ్వ రాతికి రాకేది. పలచబడ్డంక ఈనె తెలిసేది. నీ కాడ గంతగనం ఎమెరీ కాగితముండె."

అతను నమ్మనట్టు చూశాడు. అయినా సన్న గరుకుది ఒక ముక్క తీసి, చూపుడు వేలి కొసను రుద్దడం మొదలుపెట్టాడు. ఇనుమును రుద్దిన చెయ్యే, తన తోలు దగ్గరికి వచ్చేసరికి ఆచితూచి కదిలింది. కాయ తెల్లటి పొడిగా రాలింది. కింది నుంచి లేత ఎరుపు చర్మం పైకి వచ్చింది. గాలి తగిలితేనే చురుక్కుమంటోంది.

"కండ్లు మూసుకో. నూకకు. వేలు దానంతటదే పోవాలె" అంది వినోద పక్కన కూర్చుని.

వేలు మెల్లగా పోయింది. వంపు తిరిగాక, సన్నగా, మొనదేలి, తగిలింది.

"గీర ఉన్నదే!" అని అరిచాడు. "ఈనె లెక్కనే ఉన్నది!"

"ఇంత కాలానికి తెలిసింది అయ్యగారికి. గుంట?"

గుంటా తెలిసింది, కిందివైపు. ఇంకో రెండు రుద్దులు రుద్ది ఉంటే గోడ చిల్లుపడేది. ఆ వైపు ముట్టకుండా, గీరను ఎమెరీ కాగితంతోనే మెల్లగా తీసి, మళ్లీ వేలు పెట్టి చూశాడు. ఈసారి ఆమె అతని మొహం చూడకుండా హెడ్డు వైపే చూస్తూ కూర్చుంది. "చాలు" అని అతనే అన్నాడు. రాయమల్లు వచ్చాక ఇద్దరూ కలిసి హెడ్డు ఎక్కించి, జీపును సాగనంపారు.

సాయంత్రం పళ్లెం ముందు కూర్చోబోతుంటే ఫోను మోగింది.

"ఎక్కింది బావా! ఒక్కల్ని దించలే, ఒక్క బస్త దించలే. ఎక్కడ్నన్న ఆగుతదేమోనని అందరు దిగెతందుకు తయారుగున్నరు. దిగే పని పడలే! అక్కకియ్యి ఫోను."

వినోద విని, "నా వేలు కాదు తమ్మీ. గీసారి మీ బావ వేలే" అంది.

"పరాచికాలొద్దక్కా. బావ వేలైతే ఈపాటికి హెడ్డుల నీళ్లు గారాలె!" అని నవ్వి పెట్టేశాడు రాయమల్లు. వినోద కూడా నవ్వింది.

వేడి వేడి అన్నం, మీద కారంగా పప్పు. పర్శరాములు వేలు ముంచాడో లేదో, "అబ్బా!" అని వెనక్కి లాక్కున్నాడు. రుద్దిన చర్మానికి మిరపకాయ మంట అంటుకుంది.

"ఇటు తే, నేను కలిపి పెడుత" అని వినోద పళ్లెం తన వైపు జరుపుకుంది. అన్నంలోంచి పొగలు లేస్తున్నాయి. ఆమె వేళ్లు ఆ పొగల్లో దిగి, ముద్దను పిసుకుతున్నాయి, చల్లటి చద్దన్నం కలుపుతున్నంత నిమ్మళంగా. మొహంలో చిన్న కదలిక కూడా లేదు.

పర్శరాములు ఆమె మణికట్టు పట్టుకున్నాడు. చెయ్యి పైకి తీసి చూస్తే వేళ్ల కొసల మీద పాత బొబ్బల మచ్చలు. ఎన్ని పూటలు ఇలా కాలాయో ఆమెకు తెలియదు, తనకూ తెలియదు. అతని కళ్లు నిండిపోయాయి.

"ఇగనుంచి వేడి ముందు నేను జూస్త" అన్నాడు. "నేను చాలన్నంకనే నువ్వు చెయ్యి పెట్టాలె."

వినోద పళ్లెం మీది నుంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది. అతను మండుతున్న వేలిని అన్నం అంచున మెల్లగా ఆనించి చూశాడు. ఆమె ఆకలితోనే, అతను చాలనేదాకా ఆగింది.