గంగమ్మ రాయి నుంచి నీటి దాకా

జూన్ నెలాఖరున ఢిల్లీ గాలికి మొదటి చెమ్మ తగలగానే, లక్ష్మీ నగర్‌లో మెట్ల కింద ఉన్న నా కుట్టు దుకాణంలో ఒక తాడుముక్క వాసన వేయడం మొదలుపెడుతుంది. మిగతా రోజుల్లో అది కొలతల టేపు పక్కన మేకుకు ఎండుతీగలా వేలాడుతుంది. చెమ్మ తగిలిందంటే చాలు, దానిలోని ఉప్పు మేలుకుని, కొత్త యూనిఫాం గుడ్డల గంజి వాసననూ మిషను నూనె వాసననూ పక్కకు తోసి, చేప పొలుసు, తడి ఇసుక, తాటిపీచు కలిసిన వాసనతో నన్ను తొమ్మిదేళ్ల పిల్లను చేస్తుంది. అది మా అమ్మమ్మ లెక్కల తాడు. పెద్ద ముడికి వంద, చిన్న ముడికి పది. పదిహేనేళ్లుగా అది నా కళ్లెదుటే ఉంది. నా చదువు ఏడో తరగతితో ఆగింది కాని, మనిషిని చూసి గుడ్డ ఎంత పడుతుందో నోటిలెక్కతో చెప్పగలను, ఆ లెక్కలు నాకు నేనే నేర్చుకున్నవి. అటువంటిదాన్ని ఆ ముడులు చెబుతున్నదేమిటో మొన్నటిదాకా తెలుసుకోలేకపోయాను.

మా ఊరి పేరు చెబితే శ్రీకాకుళం వాళ్లే ఎక్కడని అడుగుతారు. బస్సు దిగి జీడితోటల్లో నాలుగు మైళ్లు నడిచి, మోకాలి లోతు ఉప్పుటేరు దాటితే, ఇసుక దిబ్బ మీద నలభై మూడు తాటాకు ఇళ్లు. వేసవిలో పండిన జీడిపళ్ల ఘాటు ఊరంతా కమ్ముకునేది, వానలు పడితే మొగలిపూల వాసన దాన్ని కడిగేసేది. పొద్దున్నే చల్లని చోడి అంబలి, నిప్పుల మీద కాల్చిన ఎండు నెత్తళ్లు, కొరుక్కోవడానికి ఉల్లిపాయ. తెప్పలు ఒడ్డుకొచ్చేవేళకు పిల్లలందరం నీటి అంచున ఎర్రపీతల వెంట పరుగెత్తేవాళ్లం. మిగతావాళ్లు పీతల్ని పట్టుకుంటుంటే నేను వాటి బొరియలు లెక్కపెట్టేదాన్ని. "ఒలే, లెక్కపెడితే కూరవుతాదేటే?" అని అమ్మమ్మ వెక్కిరించేది గాని, పొరుగువాళ్లు వచ్చినప్పుడు మాత్రం నా చేత పదిహేడో ఎక్కం చెప్పించి, వాళ్ల మొహాలు చూస్తూ పొగాకు నమిలేది.

వేసవి వేట నిలుపు ముగిసి, మొదటి తెప్ప నీళ్లలో దించే ముందు, మా ఊళ్లో గంగమ్మ పండగ చేసేవారు. బెల్లం పొంగడాలు నూనెలో పొంగుతుంటే డప్పుల మధ్య ఈడేరని ఆడపిల్ల ఒకతె పసుపునీళ్ల ముంత నెత్తిన పెట్టుకుని, ముందు వరస ఇళ్ల దగ్గర ఉన్న గంగమ్మ రాయి నుంచి ఆటుపోయిన నీటి అంచు దాకా, పైకి లెక్కపెడుతూ నడవాలి. ఆ లెక్కను అమ్మమ్మ తాడుకు ముడివేసేది. లెక్క బాగా తగ్గితే సముద్రం ముందుకు జరుగుతున్నట్టు, ముందు వరస ఇళ్లు విప్పి వెనక్కి కట్టుకోవాలి. ముందు వరసలో మొదటిది మా అమ్మమ్మ ఇల్లే. ఒకసారి ఎంచిన పిల్ల, ఈడేరేదాకా ఏటా తనే నడవాలి.

తొమ్మిదో ఏట నన్ను ఎంచారు. నాలుగు వందల ఇరవై అడుగులు. మరుసటేడు మూడు వందల తొంభై, ఆపైన మూడు వందల అరవై, ఆపైన మూడు వందల ఇరవై. అయిదో ఏడు రెండు వందల తొంభై అని నేను నీళ్లలోంచి అరవగానే డప్పులు ఆగిపోయాయి. ఊరి పెద్ద తండేలు, తెప్పలన్నిటికీ దారి చూపే ముసలాయన, నా దగ్గరకు వచ్చాడు.

"మళ్లీ నడు, గుంటా. ఇంత తగ్గిపోతందేటి?"

ఇల్లు విప్పాలేమోనని అమ్మమ్మ మొహం పాలిపోయింది. నాకేమో లెక్కలు వచ్చునన్న పొగరు. నా పరికిణీ అంచు ఎత్తి చూపించాను. ఏడాదికొకటి చొప్పున విప్పిన మడతల గీతలు నాలుగు దాని మీద ఉన్నాయి.

"నాను ఎదిగినాను తాతా. కాళ్లు పొడుగైతే అడుగులు తగ్గవా? సముద్రం రానేదు!"

తండేలు గీతలు లెక్కపెట్టి పకపకా నవ్వాడు. "గుంట కాళ్లు సాగినాయిరా!" అని కేకేశాడు. ఊరంతా నవ్వింది, డప్పులు మళ్లీ మోగాయి. అమ్మమ్మ ఆ రోజు నాకు పొంగడాలు రెండు ఎక్కువ పెట్టింది.

మరుసటేటికి నేను పెద్దమనిషినయ్యాను. నా బదులు మా పిన్ని కూతురు గౌరి నడిచింది. అప్పుడు దానికి తొమ్మిదేళ్లు. మూడు వందల ముప్పై. పోయినేటి కంటే నలభై ఎక్కువ! సముద్రం నలభై అడుగులు వెనక్కి పోయిందని ఊరు ఊరంతా ఎగిరింది. నేనూ ఎగిరాను. "గంగమ్మ నాకు సోటిచ్చినాది" అంటూ అమ్మమ్మ ఇంటి ముందు, సముద్రం వైపుకే, గౌరిని పక్కన కూర్చోబెట్టుకుని మట్టి అరుగు వేసింది.

పెళ్లయి నేను ఢిల్లీ వచ్చిన చాలా ఏళ్లకు, ఒక పట్టపగలు పోటు వచ్చి ముందు అరుగును, తరువాత ఇంటిని తీసుకుపోయింది. మనుషులు బతికారు. ఉప్పుటేరు అవతల కాలనీలో అమ్మమ్మ రెండేళ్లు ఉంది. అలల చప్పుడు లేక నిద్ర పట్టదనేది. "నలభై అడుగులిచ్చి నమ్మించి ఇల్లు అట్టుకుపోనాది, దొంగది" అని సముద్రాన్ని తిడుతూనే ఈ తాడు నా చేతిలో పెట్టి పోయింది. ఆ తరువాత సముద్రం ఉప్పుటేరును కూడా కలుపుకుంటే, కాలనీ ముందు కొత్త గంగమ్మ రాయి పాతి పండగ సాగించారు.

మొన్న శుక్రవారం ఇద్దరు అక్కచెల్లెళ్లను వెంటబెట్టుకుని ఒక తల్లి యూనిఫాం కొలతలకు వచ్చింది. ఫోన్‌లో గౌరి ఉంది. నన్ను అప్పా అని, అంటే అక్కా అని పిలిచే ఆ పిల్ల ఇప్పుడు అమ్మమ్మ కూడా అయింది.

"అప్పా, గంగమ్మ మళ్లీ ఎనక్కెళ్లినాది! నలభై అడుగులు! కొడుక్కి ముందు జాగాలో పునాది తవ్వించినాను. సోమారం సిమెంటు పోస్తారు."

సంతోషమే అనబోతున్నాను. ఇంతలో ఆ తల్లి, "దీదీ, పెద్దదాని కొలత చిన్నదానికి చూడకండి. పెద్దదానికి దీని వయసప్పుడు కుట్టారే, ఆ కొలత చూడండి" అని హిందీలో అంది.

టేపు పక్కన పెట్టి ఫోన్ చెవికి ఆనించుకున్నాను.

"గౌరీ, ఈయేడు నడిసింది ఎవులు?"

"సిన్న మనవరాలు. మూడొందలు."

"పోయినేడు?"

"పెద్దది. రెండొందల అరవై. ఈయేడే పెద్దమనిషయినాది."

"పెద్దది సిన్నదాని వయసులో నడిసినపుడు?"

కాసేపు అది గుర్తు తెచ్చుకుంది. "మూడొందల డెబ్బై" అంది. మళ్లీ చేస్తానని ఫోన్ పెట్టేశాను.

యూనిఫాం కోసం వచ్చినవాళ్లు వెళ్లే ముందు, తొమ్మిదేళ్ల చిన్నపిల్లను గల్లీలో నడిపించి అడుగుకూ అడుగుకూ మధ్య దూరం కొలిచాను. ఇరవై ఒక్క అంగుళాలు. తాడు దించాను. మొదటి ముడులు నావి, నాలుగు వందల ఇరవై. ఆరో వరస గౌరివి, మూడు వందల ముప్పై. ఇద్దరికీ తొమ్మిదేళ్లే, ఇద్దరివీ అవే చిన్న కాళ్లు. తొంభై అడుగులు తగ్గాయి, యాభై రెండున్నర గజాలు. అయిదేళ్లకు అంత, అంటే ఏడాదికి పదిన్నర. గౌరి నడిచిననాటికి రాయి ముందు మిగిలిన నేల నూట తొంభై రెండున్నర గజాలు. భాగించాను. పద్దెనిమిదేళ్లు దాటి కొన్ని నెలలు. తప్పేమోనని మళ్లీ భాగించాను. అమ్మమ్మ ఇల్లు పోయింది గౌరి నడిచాక పంతొమ్మిదో ఏట.

సముద్రం మోసం చేయలేదు. ఏటా చెబుతూనే ఉంది. దాని మాటకు అడ్డంగా నేను నా పరికిణీ ఎత్తి చూపించాను.

గౌరికి ఫోన్ చేసి ఈ లెక్కంతా చెప్పాను. "అయితే నాను నడిసినందుకేనేటప్పా, అమ్మమ్మ అరుగేసినాది?" అంది.

"నడిసింది నువ్వు. లెక్క సెప్పింది నాను. నాను సెప్పినానని ఊళ్లో సెప్పు. పునాది పూడ్పించు."

"మరి పిల్లని నడవొద్దనమంటావా?"

"నడవనీ. దానెనకాల నువ్వూ నడువు. నీ కాళ్లింక సాగవు."

సోమవారం మధ్యాహ్నం అది మళ్లీ ఫోన్ చేసింది. పునాది గుంటలో ఇసుక పోశారట. కొడుకు అలిగి అన్నం మానేశాడట. పొద్దున ఆటు చూసుకుని, ఊరి ఆడవాళ్లు నవ్వుతున్నా, కాలనీ రాయి నుంచి తనే ముంత నెత్తిన పెట్టుకుని నడిచిందట. "రెండొందల పది" అంది, ఇంకా ఆయాసపడుతూ.

గంగమ్మ రాయి, నలభై మూడు ఇళ్లు, ఎర్రపీతల బొరియలు, అన్నీ ఇప్పుడు నీటి కిందే. తాడు చివర రెండు పెద్ద ముడులూ ఒక చిన్న ముడీ వేసి, చెమ్మగిల్లిన తాడును మళ్లీ మేకుకు తగిలించాను. ఒక్క సంఖ్యతో ఏమీ తెలియదు. వచ్చే జూన్ దాకా ఆగాలి.