నానబెట్టిన ముక్కలు

మా నాన్న దినాలనాడు ఆయన చొక్కాలన్నిటినీ ఒక పంచెలో మూటగట్టి బయటికి పంపేశారు. పోయినవారు తొడిగిన బట్ట ఇంట్లో నిలవకూడదన్నది మత్తూరులో మా వాళ్ళ కట్టుబాటు. నిలిస్తే ఏమవుతుందని అడిగాను. నిద్ర పట్టదని ఒకరన్నారు, జబ్బు చేస్తుందని ఇంకొకరన్నారు. అలా జరగగా చూసినవారెవరని అడిగితే ఎవరూ ముందుకు రాలేదు. మూట మాత్రం వెళ్ళిపోయింది.

అమ్మ అడ్డు చెప్పలేదు. ఆ సాయంత్రం కుట్టుమిషను కింద నుంచి గోనెసంచిని లాగి విప్పింది. అందులో ఇన్నేళ్ళుగా కత్తిరింపులో మిగిలిన ముక్కలున్నాయి. నాన్న చొక్కాలన్నీ ఆమె చేతి కుట్టే.

"ఏంది వదినా, మళ్ళా బట్టలు తీస్తుండావు?" అంది మేనత్త.

"ఇవి ఆయన వేసుకున్నవి కాదమ్మా. కత్తిరించినాక మిగిలినవి. ఆయన వంటిమీద ఒక్క దినమన్నా పడలేదు."

అత్త, "ఏ వకీలు నేర్పించినాడు నీకు ఈ మాటలు?" అంది. కానీ కాదనలేదు. కట్టుబాటులో ముక్కల ప్రస్తావన లేదు మరి.

అమ్మ కోరిక ఒక్కటే. నాన్న ముక్కలతో బొంత కుట్టుకుని మార్గళి నెల చలికి కప్పుకోవాలి. అయితే ఆమె వీధి మొత్తానికీ కుట్టిన మనిషి. అందరి ముక్కలూ ఆ సంచిలోనే కలిసిపోయాయి. పైగా ఇప్పుడు ఆమెకు చూపు మసక.

"నువ్వు ఏరిపెట్టు. ఆయనవి మాత్రమే. ఊరోళ్ళవి నాకొద్దు."

"ఎట్లా తెలిసేదమ్మా?"

"ఆడ ఫ్యాక్టరీలో వచ్చిన సరుకునంతా పరీక్ష చేస్తావంట కదా. దీన్నీ చెయ్యి."

బాగలూరు దారిలోని ఒక కర్మాగారంలో ముడిసరుకును పరీక్షించడం నా ఉద్యోగం. ఎవరి మాటనూ ఆధారంగా తీసుకోకపోవడమే అక్కడ నా పని. నాన్న నూలు తప్ప తొడగలేదు కనుక ముందుగా పాలిస్టర్ ముక్కలన్నీ తీసేశాను. అప్పటికే సగం సంచి ఖాళీ అయింది. మిగిలినవాటిని ఎలా వేరు చేయాలో తోచక అమ్మను పని తీరు గురించి అడుగుతూ పోయాను. అప్పుడొక విషయం బయటపడింది. ఉతికాక చొక్కా బిగుసుకుంటే నాన్నకు కోపం. అందుకని ఆయన బట్టను మాత్రం అమ్మ రాత్రంతా వేడినీళ్ళలో నానబెట్టి, పిండి, ఆరాకే కత్తిరించేది. ఇతరుల బట్టను ఇచ్చింది ఇచ్చినట్టే కత్తిరించేది.

మిల్లు బట్టలో గంజి ఉంటుంది. నానబెట్టి పిండితే చాలావరకు పోతుంది. గంజి మీద అయోడిన్ చుక్క పడితే ముదురు నీలంగా మారుతుంది. ముందుగా అంగడి నుంచి కొత్త బట్ట తెచ్చి, సగాన్ని అమ్మ పద్ధతిలోనే నానబెట్టి, సగాన్ని అలాగే ఉంచి చూశాను. తేడా స్పష్టంగా కనిపించింది. ఆ తరువాతే అసలు ముక్కల అంచుల మీద ఒక్కొక్క చుక్క వేస్తూ కూర్చున్నాను. అమ్మ నా పక్కనే కూర్చుని, ప్రతి చుక్కకూ "ఆయనదేనా?" అని అడిగింది. కాదనవలసి వచ్చిన సందర్భాలే ఎక్కువ.

చివరికి ఆమె దాచుకున్న లేత ఆకుపచ్చ ముక్క వంతు వచ్చింది. నన్ను హోసూరు కాలేజీలో చేర్చడానికి వచ్చిన రోజు నాన్న తొడిగిన చొక్కాదని ఆమె నమ్మకం. నాకు ఆ రోజు తెల్ల చొక్కా గుర్తుంది. అయితే నా జ్ఞాపకాన్ని కూడా నేను సాక్ష్యంగా ఒప్పుకోలేను. చుక్క వేశాను. నీలం పాకింది.

"ఇది నానని బట్ట అని మాత్రమే దీనర్థం అమ్మా. నాన్నది కాదని కాదు. ఆ రోజు తొందరలో నానబెట్టకుండానే కుట్టినావేమో?"

అమ్మ ముక్కను వేళ్ళ మధ్య నలిపి చూసింది. "ముందుదినం సాయంత్రం బట్ట తెచ్చినాడు... నానబెట్టినానో లేదో. జ్ఞాపకం లేదే." ముక్కను మడిచి మిషను సొరుగులో పెట్టింది. "తేలనిది బొంతలో వద్దులే."

ఆ మాటను నేను కాదనగలిగి ఉండాల్సింది. కానీ కాదనడానికి నా దగ్గర ఆధారం లేదు.

మార్గళిలో ఊరికి వెళ్ళేసరికి బొంత పూర్తయింది. అడుగున తన పాత చీర వేసి, పైన ఆ ముక్కలను పరిచి కుట్టింది. మోకాళ్ళ నుంచి పాదాల వరకే వచ్చింది.

"మా అన్న చూస్తే తాటిచెట్టు మాదిరి ఉండె," అంది అత్త. "బొంత చూడబోతే పసిబిడ్డకు కుట్టినట్టుండాదే వదినా!"

అమ్మ నవ్వింది. "ఆయనవి ఇంతే తేలినాయి. బిడ్డ బాగా చూసే చెప్పింది." నవ్వు ఆగిపోయాక కూడా ఆమె వేళ్ళు కుట్ల మీద నడుస్తూనే ఉన్నాయి.

తెల్లవారుజామున లేచి చూస్తే, అమ్మ ఆ బొంత ఒక్కటే కాళ్ళ మీద వేసుకుని, భుజాలు ముడుచుకుని పడుకుని ఉంది. దుప్పటి తెచ్చాను.

"ఇంకొకటి కప్పనా అమ్మా?"

"వద్దు. వెచ్చగానే ఉండాది."

బొంత కింద చెయ్యి పెట్టి ఆమె పాదాలను తాకి చూశాను. చల్లగా ఉన్నాయి.